ముందుగదిలో నల్లతెర

శాలిబండలో సాయిప్రియ ఇల్లెక్కడని అడిగి చూడండి. ముందు ఒక నవ్వు నవ్వుతారు. ఆ తర్వాత "కంప్యూటర్‌తోని మాట్లాడుతది, ఆమెనా?" అంటారు. మాట్లాడటం ఎక్కడిది, తిట్టడం. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, ఒక కాలు కుర్చీ మీదికి మడిచి పెట్టుకుని, పొద్దున మొదలుపెడితే వీధిలోకి వినపడేలా దాన్ని తిడుతూనే ఉంటుంది. తిట్లు వినపడుతున్నంతసేపూ పని సవ్యంగా నడుస్తున్నట్టే. ఆమె నోరు మూతపడితేనే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

ఆమె చేసేది పెళ్లి వీడియోల మిక్సింగ్. ఫొటోగ్రాఫర్లు గంటలకొద్దీ తీసి తెచ్చిన దాంట్లోంచి పనికొచ్చేది ఏరి, కోసి, రంగులు సరిచేసి, పాట కలిపి, చూసినవాళ్ల మనసు పట్టుకునేలా చిన్న సినిమా చెయ్యాలి. భోజనాల దగ్గర మొహాలు మాడ్చుకున్న వియ్యంకులు కూడా ఆమె సినిమాలో ఒకరినొకరు కౌగిలించుకుంటారు. అది అబద్ధమేం కాదు. ఆ పెళ్లిలో ఎప్పుడో ఒక క్షణం కౌగిలించుకునే ఉంటారు. ఆ క్షణం ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోవడమే ఆమె విద్య.

ఈ విద్య ఆమె నేర్చింది అఫ్జల్‌గంజ్‌లో, జగదీశ్వర్ ల్యాబ్‌లో. చాలా ఏళ్లు అక్కడే చేసింది. పని ఆమెది, పేరు ఆయనది. పెళ్లివాళ్లు వచ్చి ఆయన్ను మెచ్చుకుంటుంటే సాయిప్రియ ప్లైవుడ్ అడ్డం వెనక కూర్చుని వినేది. అదీ భరించింది. కానీ ఒకసారి ఎవరో ఫొటోగ్రాఫర్ హార్డ్ డిస్క్‌లోంచి వైరస్ జొరబడి ఒక పెళ్లి ఫుటేజంతా పోయింది. అప్పుడు మాత్రం జగదీశ్వర్ పెళ్లివాళ్ల ముందు ఆమె పేరు బయటపెట్టాడు. మంచి జరిగితే ల్యాబ్, చెడు జరిగితే సాయిప్రియ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా పడుకుంటే, అత్త నాగమణమ్మ పక్కన కూర్చుని సంగతంతా రాబట్టింది.

"ఇగ ఆడికి పోకు," అంది నాగమణమ్మ. "ముందటి అర్ర నీకిస్త. నా మంచం లోపటేసుకుంట. నీ దుకాణం నువ్వు పెట్టుకో బిడ్డా."

మాట వరసకు అన్నదేమో అనుకుంది సాయిప్రియ. తెల్లారేసరికి మంచం లోపలికి పోయింది, ముందుగది ఊడ్చి ఉంది.

సొంత కంప్యూటర్‌లో సాయిప్రియ లైనక్స్ ఎక్కించింది. లోకమంతా విండోస్ వాడుతుంటే ఈమెకు ఇదేం పిచ్చి అని ఫొటోగ్రాఫర్లు నవ్వారు. మీ డిస్కుల్లో మోసుకొచ్చే వైరస్‌లు దీని జోలికి రావు, పొండి, అంది ఈమె. దానితో తంటాలు లేవని కాదు. ఏదైనా తేడా వస్తే బాగుచేసేవాడు శాలిబండ మొత్తంలో దొరకడు. ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లో రాసుకున్న జవాబులు కూడబలుక్కుని చదివి తనే చక్కబెట్టుకోవాలి. అలా చక్కబెట్టుకుంటూ, చక్కబెట్టుకుంటూ కాస్త పొగరు కూడా తెచ్చుకుంది. వచ్చిందంటే వచ్చింది, దాచడమెందుకు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దసరా వెళ్లిన రెండు రోజులకు ఆ పొగరుకే ఒక పరీక్ష వచ్చింది.

విశాల్ అని ఆమె భర్త. అఫ్జల్‌గంజ్‌లో నీళ్ల మోటర్ల దుకాణంలో సేల్స్‌మన్. అతని స్నేహితుడు బాలనర్సింహ పేరున్న ఫొటోగ్రాఫర్. అన్నాళ్లూ చిన్నాచితకా పుట్టినరోజులే ఇచ్చినవాడు, మొదటిసారి ఒక పెద్ద వ్యాపారి ఇంటి పెళ్లిని సాయిప్రియ చేతిలో పెట్టాడు. పెళ్లి అయిపోయింది. ఆ పరీక్ష వచ్చిన రోజు సాయంత్రమే జల్‌పల్లి పక్కన ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. వచ్చినవాళ్లందరి ముందూ పెద్ద ఎల్‌ఈడీ వాల్ మీద ఆ సినిమా వెయ్యాలి. మిగతా ఫొటోగ్రాఫర్లంతా దీనివైపే చూస్తున్నారు. ఇది ఆడితే పనులు వాటంతటవే ముందుగదికి నడిచొస్తాయి. ఆడకపోతే సాయిప్రియ మళ్లీ ఆ ప్లైవుడ్ అడ్డం వెనక్కే పోవాలి.

కోయడం, అతకడం అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా బయటికి తీయడం. ఈ బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డు. పొద్దున స్నానం చేసి, టీ తాగి, దేవుడికి దండం పెట్టి బటన్ నొక్కింది. తెర మీద గీత రవ్వంత ముందుకు కదిలింది. అంతే, తెర మొత్తం నల్లబడింది. లోపల ఫ్యాన్లు మాత్రం హోరున తిరుగుతున్నాయి.

"ఏందిరా నీ నకరాలు," అంటూ ఆపి మళ్లీ వేసింది. డెస్క్‌టాప్ బుద్ధిగా వచ్చింది. బటన్ నొక్కగానే మళ్లీ నల్లతెర.

మొదట ఆమెకు భయమేమీ వెయ్యలేదు. నిన్న సాయంత్రం సిస్టమ్ అప్‌డేట్ చేసింది కదా, అదే అనుకుంది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తదై, కార్డును నడిపే డ్రైవర్ దానికి తగ్గట్టు కుదురుకోకపోతే తెర ఇలాగే నల్లబడుతుంది. ఇదివరకు ఒకసారి అయింది కూడా. మందు తెలుసు. మొదట్లో వచ్చే మెనూలోంచి పాత కెర్నల్‌ను ఎంచుకుని లేపింది. నల్లతెర. డ్రైవర్ పూర్తిగా పీకేసి మళ్లీ ఎక్కించింది. నల్లతెర. లైనక్స్‌తో పాటు వచ్చే మామూలు డ్రైవర్ పెడితే తెర నిలబడింది కానీ, ఈ పనికి కార్డు చెయ్యి కలపదు. ప్రాసెసర్ ఒక్కదాని మీదే వదిలేస్తే సినిమా తయారయ్యేసరికి రేపు పొద్దున కొత్త పెళ్లికూతురు అత్తారింట్లో టిఫిన్ చేస్తుంటుంది. పీకేసిన డ్రైవర్‌ను తిట్టుకుంటూ మళ్లీ ఎక్కించింది.

తిట్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. మధ్యాహ్నం బాలనర్సింహ తెల్ల చొక్కా వేసుకుని, కెమెరా సంచి భుజాన తగిలించుకుని వచ్చేసరికి గదిలో చప్పుడే లేదు.

"అయిందా వదినె?"

"అయితలేదు. తెర నల్లగైతుంది."

అతను తలపట్టుకున్నాడు. అవతల పెళ్లివాళ్లకు మాటిచ్చిన మనిషి, అతన్ని తప్పు పట్టలేం. కాసేపు గదిలోనే అటూ ఇటూ తిరిగి, ఫోన్ తీసి జగదీశ్వర్‌కు కలిపి స్పీకర్ మీద పెట్టాడు. హాల్లో ఎల్‌ఈడీ వాల్ పెట్టేది కూడా ఆయనే.

జగదీశ్వర్ కోప్పడలేదు. తేనె పూసినట్టు మాట్లాడాడు. "సాయీ, ఆ లైనక్స్ లొల్లి మనకొద్దమ్మా అని నేను నెత్తీ నోరు కొట్టుకొని చెప్పిన. విన్నవా? సరే, అయిందేదో అయింది. డిస్కులు తీస్కొని రా. నీ కుర్చీ గట్లనే ఉంచిన. ఈడ కూసొని చేస్తె పొద్దుగూకేసరికి అయిపోతది. పేరు మాత్రం మన ల్యాబ్‌దే పడ్తది. రేపటిసంది మామూలుగ డ్యూటీకొచ్చెయ్."

ఫోన్ పెట్టేశాక బాలనర్సింహ గొంతు తగ్గించాడు. "రెండింటి దాక చూస్త వదినె. తర్వాత డిస్కులు నేనే తీస్కపోత. ఏమనుకోకు, నా ఇజ్జత్ సవాల్."

సాయిప్రియకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే ఓడిపోయినట్టే అని తెర వైపు తిరిగి కూర్చుంది. గదిలో నిశ్శబ్దం విని నాగమణమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

అప్పుడు తోచింది సాయిప్రియకు. పొద్దుటినుంచీ దాన్ని తిట్టడమే గానీ, అది ఏం చెప్తోందో ఒక్కసారైనా వినలేదు. జబ్బేమిటో అడక్కుండానే మందులేసుకుంటూ పోయింది. లైనక్స్‌లో ఒక మంచి గుణముంది. లోపల ఏం జరిగినా ఎక్కడో ఒకచోట రాసి పెడుతుంది. ఆ లాగ్ తెరిచి కిందనుంచి పైకి నిదానంగా చదివింది. బటన్ నొక్కిన క్షణం దగ్గర ఆగింది. డ్రైవర్‌కు కార్డుతో పేచీ వచ్చినట్టు అక్కడ లేదు. అసలు కార్డే కనబడటం మానేసిందని ఉంది. డ్రైవర్ పిలుస్తోంది, అవతల పలికేవాళ్లు లేరు.

వెంటనే ఇంకో కమాండ్ కొట్టింది. కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఎన్ని దారులు నడుస్తున్నాయో అది చూపిస్తుంది. పదహారు ఉండాలి. నాలుగే ఉన్నాయి.

"బాలూ, డ్రైవర్ మంచిగనే ఉన్నడు," అంది. పొద్దుటినుంచీ ఆమె మొహంలో కనపడని వెలుగు అప్పుడు కనపడింది. "రోడ్డే బందైంది. పెద్ద బరువు రాంగనే ఆ మిగిలింది గూడ కూలిపోతుంది. జరుగు, డబ్బా ఇప్పాలె."

కరెంటు తీసేసి, పక్క తలుపు విప్పి, గొళ్లెం వదులు చేసి కార్డును మెల్లగా పైకి లాగింది. కార్డు అడుగున వరసగా బంగారు పూత వేసిన పళ్లుంటాయి. అవే మదర్‌బోర్డు గాడిలో కూర్చుని కార్డుకు ప్రాణం అందిస్తాయి. ఆ పళ్ల మీద పసుపు. మందంగా, ఎండి పెళుసుబారిన పసుపు. దాని మీద కుంకుమ.

దసరా నాటి సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయుధ పూజకు పనిముట్లన్నీ కడిగి తుడిచి బొట్లు పెట్టడం అందరిళ్లలోనూ ఉన్నదే. నాగమణమ్మ ఇంట్లో ఒక పట్టింపు ఎక్కువ. బొట్టు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, పని జరిగే చోటే పెట్టాలి. ఆమె భర్త టైలర్. ఉన్నన్నాళ్లూ కత్తెరకు రెండు అంచులూ కలిసే చోట, మిషనుకు సూది పట్టే కడ్డీ మీద పెట్టేవారు. ఆ రోజు సాయిప్రియ కార్డు బయటికి తీసి, దుమ్ము దులిపి, పేపరు మీద పెట్టి పూరీలు చెయ్యడానికి లోపలికెళ్లింది. నాగమణమ్మ పసుపు గిన్నెతో వచ్చి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఫ్యాన్లకు పెడదామంటే అవి గాలికే కదా అనిపించింది. కింద బంగారంలా మెరిసే వరస కనపడింది. దీని పని ఇక్కడే అని తేల్చుకుని, తడిపిన పసుపు భక్తిగా పూసి, కుంకుమ అద్దింది. తర్వాత విశాల్ వచ్చాడు. లోపల్నుంచి భార్య "కార్డు పెట్టేసెయ్" అని కేకేసింది. బొట్టు చూశాడు. పండగపూట అమ్మ పెట్టిన బొట్టు తుడుస్తారా ఎవరైనా? పైగా అతని దుకాణంలో మోటర్లన్నిటికీ బొట్లు ఉంటాయి, అన్నీ లక్షణంగా తిరుగుతాయి. అలాగే గాడిలో పెట్టి నొక్కేశాడు. కంప్యూటర్ వేశారు, డెస్క్‌టాప్ వచ్చింది, హారతిచ్చి అందరూ పూరీలు తిన్నారు. చిన్న చిన్న పనులకు ఆ నాలుగు దారులే సరిపోయాయి కాబట్టి ఈ రెండు రోజులూ బయటపడలేదు.

సాయిప్రియకు ఒళ్లు మండింది. ఇదీ దాచడమెందుకు. బాలనర్సింహ వంగి చూసి కిసుక్కుమన్నాడు. గుమ్మం దగ్గర నాగమణమ్మ మొహం పాలిపోయింది.

"అది నేను పెట్టిన బొట్టే గద," అంది. "నీ నోట్ల నేనే మన్ను కొట్టిన బిడ్డా."

ఆ గొంతు వినగానే సాయిప్రియ కోపం ఎటు పోయిందో పోయింది. ఈ గదిని ఇచ్చిన మనిషి, ఈ డబ్బాకు ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ విలువిచ్చి దండం పెట్టిన మనిషి. బాలనర్సింహ వైపు ఒక చూపు చూసింది. అతని నవ్వు ఆగిపోయింది.

"నా నోట్ల ఎక్కడ కొట్టినవ్ అత్తమ్మా, దాని నోట్ల కొట్టినవ్," అంది నవ్వుతూ. "అది అన్నం తినే నోరు. నువ్వు పసుపు కుక్కినవ్, అది తినలేకపోతుంది. తుడిస్తె పోతది, ఫికర్ చెయ్యకు. తుడిస్తె పోయేదానికి పొద్దుగాల సంది సాఫ్ట్‌వేర్ ఎంబడి ఉర్కిన చూడు, అది నా తెలివి. పోయి మెడికల్ షాపుల స్పిరిట్ తెస్తవా? సూదేసే ముందు రుద్దుతరు చూడు, అది."

నాగమణమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది. సాయిప్రియ సొరుగులోంచి పెన్సిల్ రబ్బరు తీసి పళ్ల మీద ఒకే వాలుగా, తొందర పడకుండా రుద్దింది. పసుపు పొట్టు రాలింది. అత్త తెచ్చిన స్పిరిట్‌తో మెత్తటి గుడ్డ తడిపి ముందూ వెనకా తుడిచి ఆరనిచ్చింది. ఇక మిగిలింది గాడి. అందులో రాలిన కుంకుమను చేతితో తీయలేం.

"బాలూ, లెన్సులకు గాలి కొట్టే బుడ్డి ఉన్నదా సంచిల?"

ఉంది. డబ్బాను పక్కకు పడుకోబెట్టి అతనే కొట్టాడు. గాడిలోంచి ఎర్రటి పొడి భగ్గున లేచి నేరుగా అతని తెల్ల చొక్కా మీద పడింది. ఇందాక కిసుక్కుమన్నవాడి గుండె నిండా కుంకుమ. ఈసారి నవ్వడం నాగమణమ్మ వంతైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కార్డు గాడిలో టక్కున కూర్చుంది. కరెంటు ఇచ్చింది. తెర కాసేపు నల్లగానే ఉంది. డెస్క్‌టాప్ వచ్చింది. సాయిప్రియ ముందు సినిమా జోలికి పోలేదు, కమాండ్ కొట్టి దారులు చూసింది. పదహారు.

బటన్ నొక్కింది. గీత కదిలింది. పొద్దున ఆగిపోయిన చోటు దాటింది. దాటి, పావు వంతు, సగం, ముప్పావు, ఎక్కడా తడబాటు లేకుండా పరుగెత్తింది. "నడువ్, నడువ్, ఇంకేం రోగం నీకు, పొద్దుగాల సంది నన్ను చంపుకతిన్నవ్ గదరా," అని సాయిప్రియ గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లకు అది వినపడే ఉంటుంది. రెండయిందన్న సంగతి బాలనర్సింహకు గుర్తే లేదు. డిస్కుల సంగతి జగదీశ్వర్ మాత్రం మరవలేదు. సరిగ్గా గీత చివరికి చేరుతుండగా ఫోన్ చేశాడు.

"డిస్కులు బయల్దేరినయా సాయీ?"

"డిస్కులు తెస్తలేను సార్. సినిమా తెస్తున్న. మీ వాల్ మంచిగ సెట్ చేసి పెట్టుండ్రి, నా రంగులు ఖరాబ్ చెయ్యకుండ్రి."

అవతల ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం జల్‌పల్లికి ఆటోలో ముగ్గురు బయల్దేరారు. విశాల్ ముందు డ్రైవర్ పక్కన, అత్తాకోడళ్లు వెనక. నేనెందుకు అని నాగమణమ్మ ఎంత గింజుకున్నా సాయిప్రియ వదల్లేదు. హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పెన్ డ్రైవ్ తీసుకునేటప్పుడు జగదీశ్వర్ ఆమె మొహం చూడలేదు. దీపాలు తగ్గించారు, సినిమా మొదలైంది.

ఏం చెప్పను. ముందు పిల్లలు కేరింతలు కొట్టారు, తర్వాత ఆడవాళ్లు తమ చీరలు వెతుక్కున్నారు. ఆ తర్వాత అప్పగింతలు వచ్చాయి. పెళ్లిలో ఎవరూ గమనించని క్షణమొకటి సాయిప్రియ పట్టుకుంది. కూతుర్ని కారెక్కించిన తండ్రి, అందరూ వెళ్లిపోయాక, కారు తలుపు వేసిన తన అరచేతిని చూసుకుంటూ నిలబడతాడు. అంత పెద్ద తెర మీద ఆ చెయ్యి ఒక్కటే. ప్లేట్లు పట్టుకున్న క్యాటరింగ్ వాళ్లు కూడా ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. చివర్న నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. మిక్సింగ్, సాయిప్రియ, శాలిబండ. నాగమణమ్మ వాటిని ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకే చదివింది.

దీపాలు వెలిగాక పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకుంటూ తిన్నగా జగదీశ్వర్ దగ్గరికి వచ్చాడు. మిషన్ల వెనక కూర్చున్నది ఆయనే కదా. రెండు చేతులూ పట్టుకుని, "నా బిడ్డను మళ్ల చూపించినవ్ అన్నా," అన్నాడు.

జగదీశ్వర్ నోరు తెరిచేలోపే సాయిప్రియ ఒక అడుగు ముందుకేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకూ పెళ్లివాళ్లకూ మధ్య ఏ అడ్డమూ లేదు.

"నేను చేసిన అంకుల్," అంది. "నా పేరే సాయిప్రియ."

ఆయన జగదీశ్వర్ చేతులు వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "మా అమ్మ ఎనక కూసున్నది, ఆమెకు సరిగ కనపడలేదట. ముందటికి తీస్కొస్త. ఇంకొక్కసారి వెయ్యరాదు బిడ్డా?"

సాయిప్రియ జగదీశ్వర్ వైపు చూసింది.

"సార్, మొదట్నించి వెయ్యుండ్రి," అంది.

జగదీశ్వర్ బటన్ నొక్కాడు.